విలన్‌కి నా కళ్ళజోడు

జూన్ 15, ఆదివారం

కథలు రాయాలనుకునేవాళ్ళు ముందు డైరీ రాయాలట. మా కథల క్లాసు సార్ శ్రీరామచంద్రమూర్తి గారు చెప్పారు. "డైరీ ఎవరూ చదవరు కాబట్టి అందులో అబద్ధం ఆడాల్సిన పని లేదండీ" అన్నారు. ఆయన కథల పుస్తకాలూ ఎవరూ చదవరని ఆయనే వాపోతుంటారు. మరి వాటిలో ఎందుకు ఆడినట్టో అడగాలనిపించింది. మొదటి రోజే ఎందుకులే అని ఊరుకున్నాను.

గవర్నరుపేటలో లైబ్రరీ మేడ మీద హాలు. ఉన్నది ఒకటే ఫ్యాను, అది సార్ నెత్తి మీద తిరుగుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు క్లాసు. 'కొత్త కథకుల కోసం' అని బ్యానరు కట్టారు. వచ్చినవాళ్ళలో సగం మంది రిటైరైనవాళ్ళే, సమాజాన్ని మార్చడానికి వచ్చారు. మిగతావాళ్ళు సినిమాల్లోకి వెళ్ళడానికి వచ్చారు. నా పక్కన బ్లెస్సీ అని ఒకమ్మాయి కూర్చుంది, బ్యాంకులో పని చేస్తుందిట. ఎందుకొచ్చావమ్మా అంటే "చర్చి అయ్యాక ఇంటికెళ్తే చుట్టాలుంటారండీ" అంది. హాలు మొత్తం మీద నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే 'చిన్నప్పటి నుంచీ సాహిత్యం అంటే ప్రాణం' అందామని తయారై వెళ్ళాను.

హైమ గురించి మాత్రం కాదు.

జూన్ 17

హైమ గురించి కాదని మొన్న రాశాను. కాదు.

జూన్ 22, ఆదివారం

ఇవాళ్టి పాఠం దృష్టికోణం. "కథ ఎవరి కళ్ళతో చూస్తున్నారో ముందు తేల్చుకోండి. ఆ కళ్ళకి కనబడనిది కథలో కనబడకూడదు. అలాగని ఆ కళ్ళు చూసిందే నిజమని కూడా నమ్మకండి" అన్నారు సార్. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకిది కొత్త కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో నాది మోటారు క్లెయిముల సీటు. ప్రమాదం ఎలా జరిగిందో డ్రైవరు తన మాటల్లో రాసిచ్చిన కాగితాలు చదవడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో తప్పు నాదేనని రాసిన డ్రైవరు ఒక్కడు లేడు. చెట్లు కూడా ఎదురొచ్చి గుద్దినవే. దృష్టికోణం గురించి ఈయన నాకు చెబుతున్నారు.

ఇంటిపని ఇచ్చారు. మనల్ని బాధపెట్టిన సంఘటన ఒకటి తీసుకుని కథగా రాయాలట. నన్ను బాధపెట్టడం ఎవరివల్లా కాదు. అయినా ఇంటిపని కాబట్టి ఆలోచించాను.

మే నెలలో హైమ పోరంకిలో కొత్తింటి గృహప్రవేశం చేసుకుంది. హైమ నా సొంత చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక దానికి పుట్టిల్లంటే నేనే. పోరంకి నుంచి మా సత్యనారాయణపురానికి ఆటోలో ఎంతసేపు? ఆ కాసేపు వచ్చి నా నుదుట బొట్టు పెట్టి పిలవడానికి దానికి తీరిక లేకపోయింది. వాట్సాప్‌లో కార్డు పంపింది. మెరుపుల్లో గిరగిరా తిరిగే వినాయకుడు, వెనకాల సన్నాయి, కింద 'తప్పక విచ్చేయగలరు'. వాళ్ళ పాలవాడికీ అదే వెళ్ళి ఉంటుంది. మా ఆయన ఆ వారమంతా అవనిగడ్డలో ఉన్నారు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని వినాయకుడు తిరగడం ఆపుతాడేమోనని చూశాను. ఆ సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాను.

గృహప్రవేశానికి వెళ్ళలేదు. బొట్టు పెట్టని పిలుపుకి వెళ్ళడానికి నేనేమన్నా దారినపోయే దాన్నా? తర్వాత అదీ ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

పీటల మీద కూర్చున్నప్పుడు పుట్టింటి బట్టలుగా పెడదామని మంగళగిరి వెళ్ళి మరీ కొన్న పట్టుచీర బీరువాలో ఉంది. ముదురాకుపచ్చ, సన్నంచు. ఆ రంగు నాకు నప్పదు. అయినా నేనే కట్టుకుంటాను.

జూన్ 28

కథ అయిపోయింది. ఒక్క బిగిన రాశాను. ఇంత తేలికైన దానికి జనం క్లాసులకి ఎందుకు వెళతారో!

జూన్ 29, ఆదివారం

క్లాసులో చదివాను. చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. చలించిపోయారనుకున్నాను.

"త్రిపురసుందరి గారూ, కోపం బ్రహ్మాండంగా పలికిందండీ" అన్నారు సార్. "కాకపోతే కథలో మనిషి ఒక్కరే ఉన్నారు."

"ఇద్దరండీ. అక్కా చెల్లెళ్ళు."

"ఆ రెండో ఆవిడ మనిషి కాదు కదండీ. బెంజి సర్కిల్లో తగలబెట్టడానికి కట్టిన దిష్టిబొమ్మ. ఆవిడ ఎందుకు రాలేదో కథలో లేదు."

"పొగరండీ."

హాలంతా నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

"పొగరున్నవాళ్ళెవరూ దాన్ని పొగరనుకోరండీ, ఆత్మగౌరవం అనుకుంటారు. మీరొక పని చెయ్యండి. ఇదే సంగతి ఆవిడ వైపు నుంచి ఒక్క పేజీ రాసుకురండి. ఆ రోజు ఆవిడ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టండి."

అలాగేనన్నాను. రాసేది లేదు. నేను చెయ్యని తప్పుకి నా చేత్తోనే సంజాయిషీ రాయమంటే ఎలా?

మెట్లు దిగుతుంటే బ్లెస్సీ అడిగింది. "మేడం, మీ చెల్లెలు చదివితే బాధపడదా అండీ?"

"మా చెల్లెలని ఎవరన్నారు?"

"మీరేనండీ. చదువుతూ రెండు చోట్ల 'హైమ' అన్నారు."

ఈ కాలం పిల్లలకి వినికిడి మరీ ఎక్కువ.

వెనక్కి వెళ్ళి సార్‌ని అడిగాను, నా గురించి కాదు, ఊరికే. బతికున్నవాళ్ళ మీద రాసేటప్పుడు పేరొక్కటీ మారిస్తే చాలదట. వరసలు, సందర్భం, మాటతీరు, అలవాట్లు అన్నీ మార్చాలట. "ఎదురుగా కూర్చుని చదువుకున్నా అది తనేనని ఆ మనిషి అనుకోకూడదండీ" అన్నారు. ఇది పనికొచ్చే సలహా. ఈ ఒక్కటీ రాసుకున్నాను.

జూలై 2

మార్పులు చేశాను. హైమ పేరు తీసేసి నీరజ అని పెట్టాను. గృహప్రవేశం తీసేసి ఓణీల ఫంక్షన్ చేశాను. వరసలు తిరగేశాను. ఇప్పుడు పిలవడానికి రాని విలన్ అక్కగారు. కథ చెప్పే 'నేను' చెల్లెలు. అక్క వస్తుందని వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూస్తూ కూర్చునే పిచ్చి చెల్లెలు. అక్కడ నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక అలవాట్లు. హైమ గలగలా వాగుతుంది కాబట్టి విలన్‌ని ముక్తసరి మనిషిని చేశాను. ఎవరేమన్నా 'పర్లేదులే' అని మూతి బిగిస్తుంది. హైమకి కళ్ళజోడు లేదు, విలన్‌కి పెట్టాను. నెత్తి మీదికి తోసుకుని, అది కనబడక ఇల్లంతా గాలిస్తుంది. వంటింట్లో డబ్బాలన్నిటికీ ప్లాస్టర్ అంటించి కందిపప్పు, మినప్పప్పు అని పేర్లు రాస్తుంది, అవేవో పారిపోతాయన్నట్టు. ఫోన్ వస్తే ఎత్తదు, మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెడుతుంది. ఇవన్నీ వెతుక్కోకుండా వాటంతటవే వచ్చేశాయి. ఊహాశక్తి అంటే ఇదే కాబోలు. ఇంత అసహ్యమైన ఆడమనిషిని సృష్టించగలనని నాకే తెలియదు.

కళ్ళజోడు కనబడక మధ్యలో కాసేపు ఆగాల్సి వచ్చింది. నెత్తి మీదే ఉంది.

జూలై 4

వారపత్రికకి పంపేశాను. రెండో పేజీ, ఆవిడ వైపు పేజీ, రాయలేదు. పత్రికవాళ్ళు అడగలేదు కదా.

జూలై 6, ఆదివారం

క్లాసు. సంభాషణలు ఎలా రాయాలో చెప్పారు. "మనుషులు అడిగినదానికి జవాబు చెప్పరండీ, చెప్పదలచుకున్నది చెబుతారు" అన్నారు. ఆ పేజీ రాశారా అని అడిగారు. ఈసారి వర్షాలు సరిగా పడలేదండీ అన్నాను.

జూలై 18

పత్రిక నుంచి ఫోను!

ఆగస్టు మూడో తేదీ సంచికలో వేస్తారట. ఇంత తొందరగా ఎలాగండీ అంటే, కథ ఇస్తానన్న పెద్ద రచయిత ఎవరో ఇవ్వలేదట, పేజీలు ఖాళీగా ఉన్నాయట. ఎవరో ఆయన, చల్లగా ఉండాలి. "ఆ అక్కగారి పాత్ర అద్భుతమండీ, అలాంటివాళ్ళని చూస్తూనే ఉంటాం" అన్నారు ఎడిటరు గారు. చూడాలి మరి, అక్షరం అక్షరం చెక్కాను.

ఈయనకి చెప్పాను. విఠల్ గారు ఇరవయ్యేళ్ళుగా పేపర్లో రాశిఫలాలు తప్ప చదవరు. "పక్కన నీ ఫోటో వేస్తారా?" అన్నారు. వేస్తారన్నాను. "అయితే పెళ్ళిలో దిగింది ఇయ్యి" అన్నారు. అంత ఆనందంలోనూ కోపం వచ్చింది.

హైమ చదువుతుంది. తన గురించేనని తెలియదు, అయినా ఎక్కడో గుచ్చుకుంటుంది. అదీ కావలసింది.

జూలై 20, ఆదివారం

క్లాసులో చప్పట్లు కొట్టారు. రిటైరైనవాళ్ళు గట్టిగా కొట్టలేదు. సార్ అభినందించి, "ఆ పేజీ మాత్రం రాయండి" అన్నారు.

"కథ అచ్చవుతోంది కదండీ, ఇంకా ఎందుకు?"

"అచ్చవడం ఎడిటరు గారి పనండీ. రాయడం మీ పని."

అసూయ అనుకుంటాను.

జూలై 27, ఆదివారం

వానకి క్లాసు లేదు. కరెంటూ లేదు. తోచక ఆ పేజీ మొదలుపెట్టాను. సార్ మొహాన కొడితే పీడా పోతుందని.

'నేను హైమని. కొత్తింటికి పిలుపులు మొదలుపెట్టాలి. కుంకుమ భరిణె నింపుకున్నాను. మొదటి బొట్టు అక్కకే పెట్టాలి.'

ఇక్కడే ఆగిపోయాను. మొదటి బొట్టు పుట్టింటికే పెడతారు, హైమ అయినా ఇంకెవరైనా. దాని కూతురు శ్రీజ ఓణీలప్పుడూ అది ముందు నా దగ్గరికే వచ్చింది. మరి ఈసారి ఎందుకు రాలేదు? 'పొగరు వల్ల' అని రాశాను. చదువుకుంటే బాగాలేదు. పొద్దున్నే భరిణె నింపుకుంటూ నాకు పొగరుగా ఉంది అని ఎవరనుకుంటారు? కొట్టేశాను.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాయమన్నారు కదా. అది ఆటో ఎక్కి మా ఇంటికి వస్తే ఏం చూస్తుంది? ఆ వారం మా ఇంట్లో ఏముంది? నేనొక్కదాన్నే ఉన్నాను. ఈయన లేరు.

హాల్లోకి వెళ్ళి అడిగాను. "మేలో మీరు అవనిగడ్డ ఎందుకు వెళ్ళారు?"

"ఎందుకేమిటి? మా బాబాయి పోతే వెళ్ళాగా. కర్మకాండ అయ్యేదాకా ఉండిపోయాను. నీకు సెలవు లేదన్నావు."

"అయితే మనకి మైల."

"పది రోజులూనూ. నువ్వే కదా దేవుడి దగ్గర దీపం పెట్టటం లేదని ఫోన్లో చెప్పావు. ఇప్పుడేమయింది?"

"ఏమీ కాలేదు" అన్నాను.

ఆ బాబాయిగారిని నేను చూసింది మా పెళ్ళిలో ఒక్కసారి. దీపం పెట్టక్కర్లేదు, పొద్దున్నే కాస్త వెసులుబాటు దొరికిందనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు. మైల ఉన్న ఇంటికి కుంకుమ భరిణె పట్టుకుని ఎవరు వస్తారు? వచ్చి ఉంటే గుమ్మం బయటే నిలబెట్టి, పద్ధతులు తెలియవా అని నేనే నాలుగు దులిపేసేదాన్ని. మాకు శుద్ధి అయిన మర్నాడే దాని ముహూర్తం. మధ్యలో రావడానికి రోజు లేదు. అందుకని కార్డు పంపింది. ఆ సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేసింది. నేను మీటింగ్‌లో ఉన్నాను.

అక్కకి తెలియదా ఏమిటి అనుకుని ఉంటుంది. అక్కకి అన్నీ తెలుసు కదా.

మళ్ళీ కూర్చుని రాశాను. ఈసారి ఆగలేదు. 'పీటల మీద కూర్చున్నాం. పుట్టింటివాళ్ళ బట్టలు తీసుకురండమ్మా అన్నారు పురోహితులు. మా ఆడపడుచు నా మొహం చూసింది. నేను గుమ్మం వైపు చూశాను.'

అక్కడ ఏడుపొచ్చేసింది. కథ బాగా కుదిరినందుకు కాదు.

జూలై 28

పత్రికకి ఫోన్ చేసి నా కథ వెనక్కి ఇచ్చెయ్యమన్నాను. ఎవరో సబ్ ఎడిటరు మాట్లాడాడు.

"సంచిక అచ్చుకి వెళ్ళిపోయిందండీ. ఎందుకండీ, ఇంకో పత్రికక్కూడా పంపారా?"

"లేదండీ. ఇంట్లో ఇబ్బంది."

"ఎప్పుడు వేస్తారని చంపుతారండీ అందరూ. వెయ్యొద్దని ఫోన్ చెయ్యడం మీరే మొదలు" అన్నాడు. ఎడిటరు గారికి చెప్పి తీరాల్సిన వింతట.

నా జీవితంలో మొదటి కథ. అచ్చవకూడదని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. వర్ధమాన రచయితలెవరూ ఇంతకంటే పైకి రాలేరు.

జూలై 31

హైమకి ఫోన్ చేద్దామని తీశాను. ఏమని చెప్పాలి? నిన్ను చెడ్డదాన్ని చేసి రాశాను, చదవకు అనా?

చెయ్యలేదు.

ఆగస్టు 3, ఆదివారం

క్లాసు మానేసి పోరంకి సెంటరుకి వెళ్ళాను. పత్రికల బంకులో ఉన్న కాపీలన్నీ ఇచ్చెయ్యమన్నాను. హైమ ఆదివారం ఆదివారం అక్కడే కొంటుంది.

"మీ కథ పడిందా అండీ?" అన్నాడు బంకతను.

"ఎలా తెలుసు?"

"ఇన్ని రాసినవాళ్ళే కొంటారండీ. చదివేవాళ్ళు ఒకటి తీసుకుంటారు, అదీ బేరమాడి."

ఆటోలో తెరిచి చూశాను. త్రిపురసుందరి అని నా పేరు. బొమ్మలో విలన్ నెత్తి మీద కళ్ళజోడుతో నిలబడి ఉంది. ఆర్టిస్టు బాగా వేశాడు. ఎవరిలాగో ఉంది, గుర్తు రాలేదు.

గండం గడిచిందని ఇంటికొచ్చాను. ఈయన వెలిగిపోతూ ఎదురొచ్చారు. నా కథ పేజీలన్నీ ఫోటోలు తీసి, 'మా ఆవిడ రాసింది, అందరూ చదవండి' అని కుటుంబం గ్రూపులో పెట్టేశారు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి రాశిఫలాలు కానిది చదివారు. తిట్టడానికి నోరు రాలేదు.

ఆగస్టు 4

గ్రూపులో హైమ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. మాట లేదు.

ఆగస్టు 5

మాట లేదు. ఆఫీసులో ఒక లారీ డ్రైవరు కాగితం చదివి, తప్పు నీదే అని అంచున రాసేశాను. తర్వాత తుడిపేశాను.

ఆగస్టు 6, బుధవారం

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే హైమ.

"లోపలికి రావచ్చా, మీటింగ్‌లో ఉన్నావా?" అంది.

దాని చేతిలో కుంకుమ భరిణె ఉంది. అదే లోపలికి వచ్చి, నన్ను తూర్పు వైపు తిప్పి కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టింది. "ఎల్లుండి వరలక్ష్మీవ్రతం. కొత్తింట్లో మొదటిది. నువ్వూ బావగారూ పొద్దున్నే వచ్చెయ్యాలి. ఇదిగో, బొట్టు పెట్టి పిలిచాను. మళ్ళీ కథ రాయకు."

"హైమా, ఆ కథ..."

"చదివానక్కా. రెండు రోజులు నాకేం మాట్లాడాలో తెలీలేదు. మా ఆడపడుచుకి చూపించాను. మా అక్కని చూడవే, తన తప్పు తనే పత్రికలో వేయించుకుంది, ఈ రోజుల్లో ఎవరొప్పుకుంటారు అన్నాను."

నేను కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్నాను.

"అయినా నీ గురించి నువ్వు మరీ అంత చెడ్డగా రాసుకోవాలా? నువ్వు మరీ అంత దుర్మార్గురాలివేం కాదులే. గృహప్రవేశానికి రాకపోవడాన్ని పిలవడానికి రాకపోవడంగా మార్చినా, ఆ కళ్ళజోడు వెతుక్కోడం, ఆ డబ్బాల మీద పేర్లు, ఆ పర్లేదులే... చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది." నవ్వుతూ నవ్వుతూ భరిణె మూత బిగించింది. "ఆటో చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూశానని నీకెవరు చెప్పారక్కా? నేను ఎవరికీ చెప్పలేదే. నా వైపు నుంచి అంత బాగా ఎలా రాశావు?"

చెప్పాలి. ఆ విలన్ నువ్వేనే, ఆ పిచ్చి చెల్లెలు నేను అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది.

"మీ బావగారి బాబాయి పోయిన మైల సంగతి నాకు తట్టనేలేదే" అన్నాను. అంతవరకే చెప్పగలిగాను.

"తెలుసులే. తట్టి ఉంటే రాకుండా ఉంటావా" అంది.

బీరువా తీసి ఆకుపచ్చ చీర దాని చేతిలో పెట్టాను. అది విప్పి అంచు చూసింది, చేత్తో రాసింది, ముక్కు ఎగబీల్చింది. "ఫాల్ కుట్టించలేదేం?"

"పర్లేదులే" అన్నాను.

అది పడిపడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

అది వెళ్ళాక కథ మళ్ళీ చదివాను, ఈసారి హైమ కళ్ళతో. ఎంత చెడ్డమనిషి! ఒక్క వాక్యం కూడా అబద్ధం లేదు. వంటింట్లోకి వెళ్ళి మినప్పప్పు డబ్బా మీది ప్లాస్టర్ పీకేశాను. రేపు ఇడ్లీకి ఏ డబ్బాలో ఏముందో తెలియక చస్తానని మళ్ళీ అంటించాను.

ఆగస్టు 8, శుక్రవారం

వెళ్ళాం. హైమ ఆ చీరే కట్టింది, ఫాల్ లేకుండానే. ఆ రంగు దానికి నప్పింది. పూజకి పీట మీద కూర్చుంటూ ఒకసారి గుమ్మం వైపు చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

అసలు సంగతి చెప్పెయ్యాలని మళ్ళీ అనిపించింది. అప్పటికి నా కొంగులో వాయనం శనగలు తడితడిగా ఉన్నాయి, చేతిలో తాంబూలం ఉంది, వాళ్ళ ఆడపడుచు వచ్చి "మీరేనాండీ ఆ కథ రాసింది? అంత నిజాయితీగా ఎలా రాయగలిగారండీ?" అంది. అలాంటప్పుడు నిజాలు ఎవరు చెబుతారు? అభ్యాసమండీ అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

క్లాసు. రిటైరైనవాళ్ళు నా కథలో మూడు అచ్చుతప్పులు పట్టుకున్నారు. బ్లెస్సీ నా పక్కన కూర్చుని, "మేడం, ఆ అక్కగారు అచ్చం మీలాగే ఉన్నారండీ" అంది. పోయిన నెలలో చెప్పి చావచ్చు కదా.

అందరూ వెళ్ళాక సార్ ఆపారు. "త్రిపురసుందరి గారూ, ఆ రెండో ఆవిడ వైపు నుంచి పేజీ రాయమన్నాను. ఇవాళైనా తెచ్చారా?"

"అది అచ్చయిపోయిందండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నా వైపు చూశారు. అర్థం కాలేదు పాపం, తను చెప్పిన పాఠమే. నాకు రెండు నెలలు పట్టింది, ఆయన్నీ కాస్త ఆలోచించుకోనిద్దామని మెట్లు దిగి వచ్చేశాను.